రాగి తీగ పోతున్నది – మన సంఘం ఫోను మాటేమిటి?

(పాలకవర్గ సభ్యులకు, కార్యదర్శులకు, బల్క్ కూలరు నిర్వాహకులకు అభ్యాస పాఠం)



జంగారెడ్డిగూడెం మెట్టలో ఒక సంఘం సర్వసభ్య సమావేశానికి మేము హాజరైనాము. జమాఖర్చులు చదవడం పూర్తయిన తరువాత కార్యదర్శి గారు లేచి, "సంఘం ఫోను రాగి లైను మీద పనిచేయడం లేదు. ఫైబరుకు మార్చుకోవడానికి పాలకవర్గం తీర్మానించింది. సభ వారు ఆమోదించవలసినది" అన్నారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ, "ఫోను ఏ తీగ మీద పలికితే నాకేం బాబూ? నా పాలకేమన్నా ఒక రూపాయి ఎక్కువ కట్టిస్తారా?" అని అడిగింది. అందరూ నవ్వారు. తీర్మానం ఆమోదం పొందింది. ఆమె ప్రశ్నకు మాత్రం ఎవ్వరూ జవాబు చెప్పలేదు.

రూపాయి ఎక్కువ కట్టించరు గాని, ఆ మార్పు సరిగా చేసుకోకపోతే ఒక పూట పాల డబ్బు మొత్తం పోవచ్చును. ఆనాడు ఈ మాట మాకూ తోచలేదు. తరువాత రెండు చోట్ల జరిగిన నష్టాలు చూచి నేర్చుకున్నాము. ఆ నేర్చుకున్నదే ఈ నెల పాఠం.

పాలకూ ఫోనుకూ వున్న సంబంధం

పితికిన పాలు ఇంచుమించు పశువు ఒంటి వేడితో, అంటే 37, 38 డిగ్రీలతో వస్తాయి. ఆ వేడిలో పాలలోని సూక్ష్మజీవులు దాదాపు అరగంటకొకసారి రెట్టింపవుతూ పోతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మూడు గంటలయ్యేసరికి ఒకటి 64 అవుతుంది. 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల ఇంచుమించు ఆగుతుంది. బల్క్ కూలరు పని ఇదే. అంతకుముందే చల్లబడిన పాలు మంచి ఇన్సులేషన్ వున్న ట్యాంకులో, కరెంటు లేకపోయినా కొన్ని గంటలు నిలుస్తాయి. అప్పుడే పోసిన వెచ్చని పాలు అట్లా నిలవవు. అందుచేత సాయంకాలం పాలు పోసుకొనే వేళ కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయించినదంటే సంఘం చేతిలో వుండే వ్యవధి రెండు మూడు గంటలే. ఆ వ్యవధిలో మెకానిక్కుకు చెప్పాలి, శీతలీకరణ కేంద్రానికి చెప్పాలి, వ్యాను రప్పించాలి. అన్నీ ఫోను మీదనే జరగాలి. పశువుకు ఈత కష్టమై డాక్టరు గారిని పిలవడానికీ, ఇప్పుడు వెన్న శాతం లెక్కలు, సభ్యుల బ్యాంకు చెల్లింపులు పంపడానికీ కూడా ఆ లైనే ఆధారం. పూర్వం సంఘం గదిలో ఫోను వుండడం ఒక గౌరవం. ఈనాడు అది తూకం రాయి వంటి పనిముట్టు.

రాగి లైను ఏ విధంగా పనిచేసేది

మన దేశంలో మొదటి టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో తెరిచారు. ఊళ్ళకు రావడానికి నూరేళ్ళు పట్టింది. ట్రంకు కాలు బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద గంటల కొద్దీ కూర్చున్న రోజులు మన పెద్దలకు గుర్తే. ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగు అని మూడు తరగతుల కాళ్ళు వుండేవి. 1984లో స్థాపించిన సీ-డాట్ సంస్థ మన ఎండలకు, మన దుమ్ముకు తట్టుకొనే, ఏసీ గది అక్కరలేని 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఊరూరా ఫోను రావడానికి అది గొప్ప మలుపు. జంగారెడ్డిగూడెం ఎస్టీడీ కోడు 08821, ఏలూరుది 08812, తాడేపల్లిగూడెందీ 08818 అని మన కార్యదర్శులు నిద్రలో కూడా చెప్పేవారు.

ఆ ఫోనులో వున్న కిటుకు ఒకటి వుంది. దానిని చాలామంది గమనించరు. ఎక్స్ఛేంజీ నుండి సంఘం దాకా రెండు రాగి తీగలు వస్తాయి. ఆ జంట మీద ఎక్స్ఛేంజీ 48 వోల్టుల కరెంటు పంపుతుంది. మనం రిసీవరు ఎత్తగానే వలయం పూర్తయి కరెంటు ప్రవహిస్తుంది. ఎవరో రిసీవరు ఎత్తారని ఎక్స్ఛేంజీ గ్రహించి డయల్ టోన్ ఇస్తుంది. అనగా మన ఫోనుకు కావలసిన కరెంటు మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు నుండి రాదు. ఎక్స్ఛేంజీలోని పెద్ద బ్యాటరీల నుండి, ఆ తీగ మీదనే నడిచి వస్తుంది. గాలివానకు ఊరంతా చీకటైనా ఫోను మాత్రం పలకడానికి కారణం ఇదే. పాత కార్యదర్శులు "ఎంత గాలివానకైనా నల్ల ఫోను నిలిచేది" అంటే అది ముసలివారి చాదస్తం కాదు. వారి మాటలో ఎలక్ట్రిసిటీ పాఠం వున్నది.

మరి ఎందుకు పోతున్నది?

రాగి చెంబును పదిరోజులు తోమకపోతే ఏమవుతుందో ఇంట్లో ఆడవారిని అడగండి. చిలుము పడుతుంది. చింతపండు వేసి తోమితే చెంబు మెరుస్తుంది గాని, భూమిలో రెండడుగుల లోతున వున్న కేబులు అతుకును తోమేదెవరు? పాత కేబుళ్ళలో తీగలకు కాగితపు తొడుగు వుండేది. తరువాత ప్లాస్టిక్ తొడుగు వేసి, లోపల నీరు చేరకుండా జెల్లీ నింపినవి వచ్చాయి. అయినా అతుకు దగ్గర, స్తంభం మీది పెట్టె దగ్గర తడి చేరుతుంది. ముందు గరగర శబ్దం, తరువాత పక్కవారి మాటలు మన లైనులో వినపడడం, చివరకు మూగతనం. కొల్లేటి చుట్టుపక్కల, బుడమేరు తమ్మిలేరు నీళ్ళు నిలిచే చోట్ల ఈ జబ్బు ఎక్కువ. మన మెట్టలో తడి తక్కువే గాని, రోడ్డు పనులకు తవ్వే యంత్రాలు కేబులును తెంపడం, తెగిన రాగిని దొంగలు కోసుకుపోవడం వున్నాయి. ఇంకొకటి: వైశాఖ మాసపు ఉరుములలో మెరుపు దెబ్బ ఆ రాగి తీగ మీదుగానే లోపలికి వచ్చి మోడెములను, కంప్యూటర్లను కాల్చేది.

వీటన్నిటికీ మించిన కారణం మనుషులు లేకపోవడం. ఏ అతుకు ఏ చెట్టు కింద వున్నదో లైన్‌మన్‌కు నోటికి వచ్చేది; ఆ లెక్క కాగితం మీద వుండేది తక్కువ, ఆయన తలలో వుండేది ఎక్కువ. 2020 జనవరి 31న బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థలో సుమారు 78 వేల మంది ఒకేసారి స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. దేశంలో 2006 ప్రాంతంలో 5 కోట్ల దాకా వున్న తీగ ఫోన్లు 2020 నాటికి 2 కోట్లకు పడిపోయాయి. ఆదాయం లేని కేబులుకు కొత్త రాగి ఎవరూ వేయరు. బి.ఎస్.ఎన్.ఎల్. కూడా పాత ఖాతాదారులను ఫైబరుకు మారమనే చెబుతున్నది. కనుక మారాలా వద్దా అన్న చర్చ మనకు అనవసరం. లైను చచ్చిన తరువాత మారేకంటే బతికి వుండగా మారడం మంచిది. ఎట్లా మారాలన్నదే మనం నేర్వవలసినది.

ఒక సంఘంలో ఇంకో చిత్రం చూచాము. లైను చచ్చి పద్నాలుగు నెలలైనది. బిల్లు మాత్రం నెలనెలా కడుతూనే వున్నారు. బ్యాంకు ఖాతా నుండి దానంతట అదే పోతున్నందువలన ఎవరి కంటా పడలేదు. ఆడిటరు గారు పట్టుకున్నారు.

గాజు తీగ వేరు, రాగి తీగ వేరు

ఫైబరు అంటే వెంట్రుకకు కాస్త అటూ ఇటూగా వుండే సన్నని గాజుపోగు. మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దానిలో వెలుతురు నడుస్తుంది, కరెంటు నడవదు. దీనివలన లాభాలు పెద్దవే. చిలుము పట్టదు. దొంగకు అమ్ముడుపోదు. మెరుపు దెబ్బ ఆ గాజు మీదుగా లోపలికి రాదు. రాగి మీద ఇంటర్నెట్టు ఎక్స్ఛేంజీకి దూరమయ్యేకొద్దీ మందగించేది, నాలుగైదు కిలోమీటర్లు దాటితే దాదాపు లేనట్టే. ఫైబరు ఇరవై కిలోమీటర్ల దాకా అదే వేగంతో వస్తుంది. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు లోపలి ఊళ్ళకు ఇది వరం.

మన రాష్ట్రంలో ఈ పని వేగంగానే జరిగింది. రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ భూమి తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా కేబులు లాగింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఇచ్చి చూపారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ పథకాన్ని జాతికి అంకితం చేశారు. కేంద్రం వారి భారత్‌నెట్ పథకం 2011లో వేరే పేరుతో మొదలై పంచాయతీ ఆఫీసుల దాకా ఫైబరు తెచ్చింది. మన సంఘం గది చాలా చోట్ల పంచాయతీ ఆఫీసుకు కూతవేటు దూరంలోనే వుంటుంది.

అయితే వెలుతురు నడిచే తీగలో కరెంటు నడవదని చెప్పుకున్నాము గదా. పాఠమంతా ఆ ఒక్క మాటలో వున్నది. ఫైబరు వచ్చి గోడకు వేసిన చిన్న పెట్టెలో చేరుతుంది. వెలుతురును మాటగా మార్చేది ఆ పెట్టె. దానికి కరెంటు మనమే ఇవ్వాలి. మన కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది. పెట్టె ఆరిపోతే ఫోను చచ్చినట్లే.

మేము చూచిన మొదటి నష్టం

మెట్టలో బల్క్ కూలరు వున్న ఒక సంఘం. పేరుతో పనిలేదు, వారు చేసిన పొరపాటు ఎవరైనా చేసేదే. మార్చి నెలలో రాగి లైను తీసివేసి ఫైబరు వేయించుకున్నారు. ఫోను స్పష్టంగా పలుకుతున్నది, లెక్కలు క్షణంలో వెళుతున్నవి, అందరికీ సంతోషం. ఏప్రిల్‌లో ఒక సాయంకాలం ఈదురుగాలి వచ్చి కరెంటు పోయింది. అప్పటికి సగం పాలు పోసుకున్నారు. జనరేటరు తిప్పబోతే స్టార్టింగు బ్యాటరీ దిగిపోయి వున్నది. కార్యదర్శి గారు ఫోను ఎత్తారు. చడీచప్పుడు లేదు. గోడ మీద పెట్టెలో ఒక్క దీపం కూడా వెలగడం లేదు. జేబులోని సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు; ఆ టవరు కూడా అదే గాలికి ఆగిపోయినది. ఒక కుర్రవాణ్ణి మోటారు సైకిలు మీద పంపారు. దారిలో చెట్టు పడివుంటే చుట్టు తిరిగి పోయాడు. వ్యాను వచ్చేసరికి రాత్రి పదిన్నర. కేంద్రంలో పాలు కాచి చూస్తే విరిగినవి. ఆ పూట పాలు పోసిన వారెవ్వరికీ డబ్బు రాలేదు. అందులో రెండు లీటర్లు పోసిన వారూ వున్నారు, ఇరవై లీటర్లు పోసిన వారూ వున్నారు.

ఫైబరును తిట్టి ప్రయోజనం లేదు. రాగి లైను ఇన్నేళ్ళు తనతో ఒక బ్యాటరీని ఉచితంగా తెచ్చి ఇచ్చింది. లైను తీసివేసిన రోజున ఆ బ్యాటరీ కూడా పోయింది. అది ఎవరి లెక్కలోనూ లేదు. జనరేటరు పాడైనప్పుడే ఫోను కావాలి. కరెంటు లేనప్పుడే జనరేటరు కావాలి. ఆ రెండూ కలిసివచ్చే వేళకే కొత్త ఫోను మూగబోతుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు. ఆ పెట్టె వాడే కరెంటు సుమారు 12 వాట్లు. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీలో 84 వాట్-అవర్ల శక్తి వుంటుంది. లెక్క ప్రకారం ఏడు గంటలు రావాలి. బ్యాటరీని అడుగంటా పిండరాదు కనుక, ఏడాది తిరిగేసరికి బలం తగ్గుతుంది కనుక, నాలుగు గంటలనే అనుకోండి. మన వ్యవధికి అది చాలును. ఇన్వర్టరు వున్న సంఘాలు పెట్టెను ఇన్వర్టరు ప్లగ్గుకు తగిలించాలి. ఫ్యానుకు, లైటుకు ఇన్వర్టరు ఇచ్చి ఫోను పెట్టెను మెయిన్ ప్లగ్గులో వదిలేసిన చోట్లు మేము చాలా చూచాము. బ్యాటరీ మీద కొన్న తేదీ సుద్దతో కాక పెయింటుతో వ్రాయండి.

రెండవది సున్నా కథ

ఇది ఇంకా విచిత్రం. ఒక కూలరుకు ఎప్పటినుండో అలారం డయలరు అనే పరికరం వుండేది. ట్యాంకులో వేడి పెరిగితే అది తానే రాగి లైను మీద కార్యదర్శి గారి సెల్‌ఫోనుకు కాలు చేస్తుంది. ఏళ్ళ తరబడి దాని అవసరం రాలేదు. అవసరం వచ్చిన రాత్రి అది కాలు చేసింది. కాలు మాత్రం వెళ్ళలేదు. కారణం వెతకగా తేలినది ఏమనగా, 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైను నుండి సెల్‌ఫోనుకు చేసేటప్పుడు నంబరు ముందు సున్నా కొట్టాలని దేశమంతటా నియమం వచ్చింది. మనుషులు రెండు రోజుల్లో అలవాటు పడ్డారు. పరికరానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తెల్లవారి మూత తీసి చూస్తే ట్యాంకు పుల్లని వాసన.

కనుక మార్పుకు ముందు చేయవలసిన మొదటి పని, ఆ తీగకు ఏమేమి తగిలివున్నవో గది అంతా తిరిగి చూడడం. బల్ల మీది ఫోను అందరికీ కనపడుతుంది. దాని వెనుక అలారం డయలరు, పాత ఫ్యాక్సు, బ్యాంకు వారి కార్డు యంత్రం, పక్క గదిలో పశువైద్య ఉపకేంద్రానికి లాగిన ఎక్స్‌టెన్షను వుండవచ్చు. చేతితో తీగ పట్టుకొని గోడ వెంట నడవండి. అంతకంటె మంచి పద్ధతి లేదు.

ఇటువంటి పొరపాటు మన మెట్ట సంఘాలకే పరిమితం అనుకోకండి. బ్రిటన్‌లో ఒంటరిగా వుండే వృద్ధులు మెడలో ఒక బటను వేసుకుంటారు. కిందపడితే అది నొక్కితే రాగి ఫోను మీదుగా సహాయ కేంద్రానికి కబురు పోతుంది. కొత్త లైన్లకు మార్చినప్పుడు కొందరి బటన్లు పనిచేయలేదని 2023లో బయటపడింది. కంపెనీలు కొంతకాలం బలవంతపు మార్పిడి ఆపవలసి వచ్చింది. పాత లైన్ల చివరి గడువు 2025 డిసెంబరు నుండి 2027 జనవరికి జరిగింది. అన్ని హంగులు వున్న దేశంలోనే తీగకు ఏమి తగిలివున్నదో ముందుగా తెలియలేదు.

ఒక దారి చాలదు

ఫైబరు కూడా తెగుతుంది. స్తంభాల మీదుగా లాగినది మరీ. ఎత్తుగా వరిగడ్డి వేసిన ట్రాక్టరు పోతూ కేబులును తగిలించుకుపోవడం మన రోడ్లలో మామూలు. రాగి తెగితే లైన్‌మన్ చేతితో మెలివేసి తాత్కాలికంగా పలికించేవాడు. గాజును మెలివేయలేము, ఫ్యూజను యంత్రం తెచ్చి కరిగించి అతకాలి. ఆ యంత్రం ఎవరి దగ్గర వున్నది, ఎంత దూరాన వున్నది, ఆదివారం వస్తారా అన్నది కనెక్షను తీసుకొనే ముందే అడగండి. నెల అద్దెలో యాభై రూపాయల తేడా కంటె ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ముఖ్యమని మా అభిప్రాయం.

అందువలన రెండో దారిగా ఒక మొబైలు తప్పనిసరి. ఫైబరు ఏ కంపెనీదైతే మొబైలు ఆ కంపెనీది కాకుండా చూడండి. రెండూ ఒకే కేబులు మీద ఆధారపడి వుంటే రెండూ ఒకేసారి పోతాయి. ఏ కంపెనీ సిగ్నలు బాగున్నదో ప్రకటనలు చూచి కాదు, కూలరు గదిలో తలుపు వేసుకొని నిలబడి చూడండి. పాల పరీక్ష యంత్రాలలో వున్న పాత సిమ్ మోడెములను కూడా గమనించాలి. 3జీ సేవను ఎయిర్‌టెల్ 2020లోనే మూసివేసింది. ఇప్పుడు కొనేది 4జీదై వుండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతోపాటు సెల్‌ఫోన్లు కూడా మూగబోయాయి. అటువంటి రోజున ఏ తీగా, ఏ టవరూ మనల్ని కాపాడదు. తుఫాను హెచ్చరిక వచ్చిన పూటనే వ్యాను డ్రైవరుతో, "కబురు వచ్చినా రాకపోయినా ఫలానా వేళకు వచ్చేయండి" అని మాట తీసుకోవడం ఒక్కటే దారి. తీరప్రాంతపు పాత సంఘాలు ఈ పద్ధతి పాటించేవి.

నంబరు పోకుండా

మన సంఘం నంబరు సభ్యుల పాస్‌బుక్కులలో, గోడల మీద, డాక్టరు గారి బల్ల అద్దం కింద వున్నది. రాగి నుండి ఫైబరుకు అదే సంస్థలో మారితే పాత నంబరు ఉంచమని అడగవచ్చును. దరఖాస్తులోనే వ్రాయించి రసీదు తీసుకోండి. సెల్ నంబరు మాదిరిగా ల్యాండ్‌లైను నంబరును వేరే కంపెనీకి తీసుకుపోయే వీలు లేదు. వేరే కంపెనీకి పోయేట్లయితే రెండు నెలలు రెండు లైన్లూ వుంచి, కొత్త నంబరు అందరికీ చేరిన తరువాతనే పాతది వదలండి. వదిలేటప్పుడు సరెండరు ఉత్తరం నకలు ఫైలులో వుంచండి, డిపాజిట్టు వాపసు అడగండి. చచ్చిన లైనుకు అద్దె కట్టిన సంఘం కథ పైన చదివారు గదా.

పరీక్ష

కొత్త లైను వచ్చిన వారంలోపు, పాలు పోసుకోవడం ముగిసి ట్యాంకు చల్లబడిన తరువాత, ఒక సాయంకాలం మెయిన్ స్విచ్చి ఆపండి. జనరేటరు వేయకండి. ఫోను ఎత్తి శీతలీకరణ కేంద్రానికి చేయండి. మెకానిక్కుకు చేయండి. అలారం డయలరు వుంటే దాని బటను నొక్కి, కార్యదర్శి గారి జేబులో మోగుతుందేమో చూడండి. అరగంట ఆగి మళ్ళీ చేయండి. మొదటి నష్టం పొందిన సంఘంలో ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం ఇట్లా చేస్తున్నారు. స్విచ్చి ఆపే పని పాలకవర్గం వారు కాక, ఆ పూట పాలు తెచ్చిన సభ్యులలో ఒకరు చేస్తారు. తేదీ, ఆపిన వేళ, ఫోను ఎన్ని నిమిషాలు పలికిందీ మినిట్సు పుస్తకంలో వ్రాసి, ఆ సభ్యుని సంతకం తీసుకుంటున్నారు.